విజి బల్ల దగ్గర మంగళం

మెడ పట్టేస్తే దిండును ఎండలో వేయాలని మురుంగపాక్కంలో ఉండే మంగళానికి గట్టి నమ్మకం. కోడలు విజి మెడ పట్టేసిన నాటి నుంచి పది రోజులు దిండు డాబా మీద వేగింది. దిండులో దూది పొంగిందే తప్ప మెడ మాత్రం తిరగలేదు.

విజి ఒక లారీ కంపెనీలో సరుకు చీటీలు చూసి కంప్యూటరులో ఎక్కిస్తుంది. ఆరేళ్లుగా తాత్కాలికమే. వచ్చే నెల పర్మినెంటు చేస్తామన్నారు, కానీ ఈ నెల ఒక్కరోజు కూడా సెలవు పెట్టకూడదన్నారు. మెడ తిరక్క స్కూటీ మానేసి బస్సులో పోతోంది. గోరిమేడు ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసి, ఎముకకేమీ కాలేదని, కూర్చునే తీరు మారకపోతే మళ్లీ మళ్లీ వస్తుందని, చేతికి తిమ్మిరి దిగితే మాత్రం వెంటనే రావాలని చెప్పింది.

"నువ్వు ఆడ ఎట్ల కూచుంటావే?" అని మంగళం ఆరా తీసింది.

"కుర్చీలోనే అత్తా. అందరి మాదిరే."

"అందరి మాదిరంటే ఎట్ల?"

తాను ఎలా కూర్చుంటుందో విజి ఎప్పుడు చూసుకుంది గనక?

మర్నాడు మధ్యాహ్నం అన్నం క్యారియరు సాకుతో మంగళం ఆఫీసుకే వచ్చింది. పక్క బల్ల కుమరేశన్ స్టూలు వేశాడు. క్యారియరు ఇచ్చి పోకుండా ఆవిడ అరగంట అలాగే చూస్తూ కూర్చుంది. విజికి సిగ్గుతో చెమటలు పట్టాయి.

"ఇంక పో అత్తా. అందరూ చూస్తా ఉండారు."

"చూడనీ. నేను వచ్చిందీ చూసేదానికే. ఏందే ఇది? చీటీలు ఎడంపక్కన పరుచుకుంటివి, కంప్యూటరేమో కింద ఉండాది. బాయిలోకి తొంగి చూసినట్టు చూస్తా ఉండావు. ఇంతసేపట్లో ఒక్కసారైనా లేస్తివా?"

"లేస్తే పని ఆగిపోదా?"

"మెడ ఆగిపోతే పని నడుస్తాదా?"

కుమరేశన్ నవ్వాడు. "పెద్దమ్మా, మా మేనేజరుకీ కొంచెం చెప్పు."

"పిలువు, చెప్తా."

మేనేజరు ఊళ్లో లేకపోవడం మంచిదే అయింది. కుమరేశన్ రెండు లావుపాటి పాత రిజిస్టర్లు తెచ్చి స్క్రీను కింద పెట్టాడు. అది విజి కళ్లకు ఎదురుగా వచ్చింది. చీటీలను పరీక్ష అట్టకు బిగించి స్క్రీను పక్కనే నిలబెట్టారు. విజి బల్ల మీది పెద్ద నీళ్ల బాటిలును మంగళం తన సంచిలో వేసుకుంది, గ్లాసు మాత్రం వదిలింది. దాహమైతే ఇక విజి లేచి నీళ్లకు వరండా చివరిదాకా నడవాల్సిందే.

మొదటి నాలుగు రోజులు విజికి మెడ కంటే అత్త మీదే ఎక్కువ మంట. మూడో వారానికి స్కూటీ మళ్లీ బయటికి తీసింది.

నెలాఖరున మధ్యాహ్నం విజి ఫోను మోగింది.

"పర్మినెంటు ఆర్డరు వచ్చెనా?"

"వచ్చింది అత్తా. సంతకం కూడా పెడితిని."

"యాడ కూచోని పెడితివి, మెడ వంచేసి?"

"నిలబడే పెడితిని అత్తా. కౌంటరు ఎత్తుగా ఉండాది."

"సరి," అంది మంగళం. అంతటితో ఊరుకోకుండా, కౌంటరు ఎంత ఎత్తో కూడా అడిగింది.