సుభద్ర తాళంచెవి ఇచ్చిందా: రాయపూర్‌లో రెండు రోజులు

పోయిన నవంబరులో నేను రాయపూర్ వెళ్ళింది ఒక నవల చివరి పదహారు పేజీల కోసం. నవ్వేవాళ్ళు నవ్వండి. మా ఆయన ముందే నవ్వేశారు. "పదహారు పేజీలకి పదమూడు గంటల ప్రయాణమా?" అన్నారు. కొండెక్కి దర్శనానికి ఇరవై గంటలు లైన్లో నిలబడినప్పుడు ఈ లెక్క ఆయనకి తట్టలేదు.

సంగతి చెబుతాను. పూర్ణ, నేను విజయనగరంలో మూడేళ్ళు ఒకే బెంచీ మీద కూర్చుని డిగ్రీ చదివాం. తర్వాత దానికి రైల్వే ఉద్యోగితో పెళ్ళై రాయపూర్ వెళ్ళిపోయింది. అప్పటినుంచి, మొదట్లో ఉత్తరాల్లోనూ తర్వాత ఫోన్లోనూ, మేం మాట్లాడుకునేది ఒకటే: ఇప్పుడేం చదువుతున్నావు, ఎలా ఉంది. అత్తగార్ల జబ్బులూ పిల్లల మార్కులూ చివర్లో రెండు నిమిషాల్లో తేలిపోయేవి.

ఆగస్టులో ఇద్దరం ఒకే పాత నవల చదివాం. పేరు చెప్పను, చెబితే మీరూ ఏదో ఒక పక్షం చేరతారు. అందులో సుభద్ర అనే ఆవిడ మగ్గాల షెడ్డు ఒంటిచేత్తో నడుపుకుంటూ ఉంటుంది. చివర్లో అన్నగారు వచ్చి, షెడ్డు తనకి అప్పగించి తమ ఇంట్లో హాయిగా ఉండమంటాడు. సుభద్ర తాళంచెవి ఇచ్చేసి బండెక్కుతుంది. అది చదివి నేను ఏడ్చాను. పూర్ణేమో ఫోన్లో, ఇవ్వలేదు అంది. అన్నకి అన్నం పెట్టి బస్సెక్కించి వచ్చేసిందట. నేను మధ్యలోనే ఆపి, "అక్కడ హిందీలో బతికి బతికి తెలుగు చదవడం మర్చిపోయావు" అన్నాను. అది ఫోను పెట్టేసింది. తర్వాత మూడు నెలలు అది చెయ్యలేదు, నేను చేస్తే ఎత్తలేదు. ముప్ఫై ఏళ్ళలో మా మధ్య మాటలు ఆగడం అదే మొదటిసారి. అందుకని నా పుస్తకం సంచిలో పెట్టుకున్నాను. పేజీ చూపిస్తే విషయం తేలిపోతుంది, తేలిపోతే అది మాట్లాడుతుంది అనుకున్నాను. ఓడిపోయినవాళ్ళు మాట్లాడతారని నాకెవరు చెప్పారో ఇప్పటికీ అర్థం కాదు.

శనివారం ఉదయం ఆరున్నరకి విజయనగరంలో పాసింజరు ఎక్కాను. వెళ్ళేవాళ్ళు పగటి బండికే వెళ్ళండి. పార్వతీపురం దాటాక కొండలు కిటికీలోకి వచ్చేస్తాయి. ఇంట్లోంచి తెచ్చుకున్న పులిహోర రాయగడలోపే అయిపోయింది, అక్కడ వడలు కొన్నాను. ఎదురు సీట్లో పార్వతీపురం బట్టల వ్యాపారి నా చేతిలో పుస్తకం చూసి, "నవలా అమ్మా? మా ఆవిడా చదివేది. ఇప్పుడు ఫోను చూస్తోంది. రెండిట్లోనూ అన్నం మాడడం ఒకటే" అన్నాడు.

"అన్నం మీరు చూసుకోవచ్చుగా" అన్నాను. టిట్లాగఢ్‌లో దిగేదాకా ఆయన నాతో మాట్లాడలేదు.

రాయపూర్ చేరేసరికి రాత్రి ఎనిమిది కావస్తోంది. మాటల్లేని ఇంటికి సంచితో వెళ్ళడం బాగుండదని స్టేషను దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాను, ఆరువందలు. కౌంటరు దగ్గరున్నాయన ఆధార్ కార్డు అటూ ఇటూ తిప్పి, "అకేలీ?" అని మూడుసార్లు అడిగాడు. ఒంటరిగా పడుకుంటే మీ మంచం విరుగుతుందా అని నాకొచ్చిన హిందీలో అడిగాను. అతనికి ఏం అర్థమైందో గానీ రెండో దుప్పటి కూడా ఇచ్చాడు. వేడినీళ్ళు పొద్దున్న ఏడింటి వరకే వస్తాయి, లేచి పట్టుకోవాలి.

ఆదివారం పొద్దున్న స్టేషను ఎదుట బండి మీద పోహా, అదే మన అటుకుల ఉప్మా, దాని పక్కనే జిలేబీ. రెండూ ఒకే ప్లేటులో ఎందుకు పెడతారో అడిగితే బండివాడు నన్ను జాలిగా చూశాడు. ఏది ముందు తినాలో తేలక రెండూ కలిపి తిన్నాను. బాగానే ఉంది, ఒప్పుకోడానికే కష్టమైంది. పట్టాలకి అవతలివైపు గుఢియారీ. ఈ-రిక్షావాడు ఇరవై రూపాయలు తీసుకుని, కూరగాయల బళ్ళ మధ్యనుంచి సందులు తిప్పి, రెండున్నరకి పూర్ణ ఇంటి ముందు దించాడు. మధ్యాహ్నం దాకా లాడ్జిలోనే కూర్చుని ఏం మాట్లాడాలో అనుకుంటూ ఉండిపోయానని మీకు చెప్పడం మర్చిపోయాను.

పూర్ణ తలుపు తీసింది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"రండి. ఎప్పుడొచ్చారు? కూర్చోండి" అంది.

ముప్ఫై ఏళ్ళుగా "ఏమే" అని పిలిచినది "రండి" అంటే చెంప మీద కొట్టినట్టుంటుంది. కొట్టి ఉంటే తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని. దీనికి ఏమనాలి? "నిన్న వచ్చానండీ" అన్నాను. మంచినీళ్ళు ఇచ్చింది. ఇద్దరం గోడ గడియారం చూస్తూ కూర్చున్నాం.

మూడింటికి ఆడవాళ్ళు రావడం మొదలుపెట్టారు. ఆరుగురో ఏడుగురో. అందరూ మనవైపునుంచి వచ్చిన రైల్వే కుటుంబాలే, కొందరు ఇక్కడే పుట్టినవాళ్ళు. తెలుగు మాట్లాడతారు గానీ పూర్ణ తప్ప అక్షరం చదివేవాళ్ళు లేరు. ప్రతి ఆదివారం మొదట ఒక్కొక్కరూ ఆ వారం ఏం చదివారో, ఏం విన్నారో చెప్పాలి. తర్వాత పూర్ణ పుస్తకం చదివి వినిపిస్తుంది. ఇన్నేళ్ళలో ఈ సంగతి నాకు ఫోన్లో ఒక్కసారి కూడా చెప్పలేదు. లేక చెబుతుంటే నేనే వేరే ఏదో అందుకున్నానేమో.

ఊళ్ళోనే మోవా నుంచి స్కూటీ మీద వచ్చిన మీనా ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, ఆఫీసులో ఉద్యోగం. ఆ పిల్ల హిందీ డిటెక్టివ్ నవల చదువుతోందట. "హంతకుడు ఎవరో నాకు పెహలేసే తెలుసు ఆంటీ, అయినా మజా వస్తోంది" అంది. శ్రీకాకుళం వైపు పెద్దావిడ గౌరప్ప బటానీలు ఒలుచుకుంటూ, "నానేటి సదువుతాను. పూర్ణ సెప్పిందే నా సదువు. ఈ వారమంతా సుభద్రే నా బుర్రలో తిరుగుతంది" అంది.

సుభద్ర పేరు వినగానే నాకు ఊపొచ్చింది. నా వంతు రాకుండానే పుస్తకం తీశాను. "నేనూ అదే చదివాను. చివరి అధ్యాయం వినిపిస్తాను" అన్నాను. పూర్ణ తల ఎత్తలేదు. అక్కడే ఆగి ఉండాల్సింది. ఆగే అలవాటు నాకు లేదు.

పదహారు పేజీలూ చదివాను. సుభద్ర తాళంచెవి అన్న చేతిలో పెట్టి బండెక్కిన దగ్గర మళ్ళీ కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. పుస్తకం మూసి చూస్తే ఎవరి మొహంలోనూ తడి లేదు. హోటల్లో అడగని కూర తెచ్చిపెట్టినట్టు చూస్తున్నారు.

"ఆంటీ, మీ కితాబ్‌లో ఏదో గడ్‌బడ్ ఉంది" అంది మీనా.

"గడ్‌బడ్ ఏమీ లేదు. అచ్చు వేసిన పుస్తకం."

"అయితే అచ్చేసినోడే తప్పేసినాడు" అంది గౌరప్ప. "సుభద్ర తాళం ఇచ్చే మనిషా? మనం ఎరగమా ఆ పిల్లని?"

"మీరు ఎరగడమేంటండీ, రాసినాయన ఎరగడా? సరే, పూర్ణ దగ్గర పుస్తకం ఉందిగా, తీసి చూడండి."

పూర్ణ కదల్లేదు. మీనాయే లేచి అల్మారాలోంచి తెచ్చింది. ఇక్కడి తెలుగువాళ్ళ సంఘం ఎత్తేసినప్పుడు ఎవరో ఇచ్చిన పాత ప్రతి. తెరిచి నా చేతికిచ్చింది. నూట తొంభై రెండో పేజీ. దాని తర్వాత అట్ట. మధ్యలో చెదలు తినగా మిగిలిన దారం పోగులు. చివరి పదహారు పేజీలు అసలు లేవు.

నేను గెలిచాను. ఇంత నిశ్శబ్దంగా గెలవడం నాకెప్పుడూ కాలేదు. పూర్ణ చాప అంచు గిల్లుతోంది. దాని చెవులు ఎర్రబడ్డాయి. కాలేజీలో లెక్చరరు నిలబెట్టినప్పుడూ అంతే. వీళ్ళందరి ముందు దాని పరువు నేను మోసుకొచ్చిన పుస్తకం తీసేసిందని అప్పటికి గానీ నా మట్టిబుర్రకి ఎక్కలేదు.

గౌరప్ప బటానీ ఒలవడం ఆపలేదు. "మాకు తెలుసునమ్మా" అంది.

"ఏం తెలుసు?" అంది పూర్ణ, వినపడీ వినపడకుండా.

"ఆ దినం నువ్వు పేజీ తిప్పనేదు కదా. అరగంట సేపు ఒక్క పేజీ మీదే సదివినావు. అప్పుడిదాకా సుభద్ర పుస్తకంలో మాట మాట్లాడింది. ఆ దినం నుంచి మా ఊరి మాట మాట్లాడతంది. 'అన్నం తినేసి ఎల్లన్నయ్యా' అంది. పుస్తకంలో అలగంటారేటి?"

"మరి అడగలేదేం?"

"అడిగితే ఆపేస్తావని."

మీనా నవ్వేసింది, ఇంకొకరు కొంగు అడ్డం పెట్టుకున్నారు. పూర్ణ లేచి వంటింట్లోకి వెళ్ళింది. నేనూ వెళ్ళాను. అది టీ గిన్నెలో నీళ్ళు పోస్తోంది, పోస్తూనే ఉంది, నిండిపోయింది.

"పేజీలు లేవని నాతో చెప్పొచ్చుగా" అన్నాను.

"చెప్పనిచ్చావా నువ్వు?" గిన్నె వంచి సగం పారబోసింది. "చివర ఏమైందో నువ్వే చెప్పు అని అడుగుదామని ఫోన్ చేశానే ఆ రోజు. ముందు నేను అల్లింది చెప్పి, తర్వాత అసలుది అడుగుదామనుకున్నాను. తెలుగు రాదన్నావు నన్ను. వీళ్ళందరికీ నేనే తెలుగు. ఏమనుకుంటున్నావే?"

తప్పయిందని అనడానికి రెండే పదాలు కావాలి. ఎందుకో అవి నాకు దొరకలేదు. "అల్లం ఎక్కడుంది?" అన్నాను. చూపించింది. దంచి ఇచ్చాను. దాన్ని క్షమాపణ కింద తీసుకుందో, అల్లం కింద తీసుకుందో తెలీదు. ఆ రాత్రి లాడ్జి ఖాళీ చేసి దాని ఇంట్లోనే పడుకున్నాను. వాళ్ళాయన రొట్టెలు చేశారు. పుస్తకాల మాట ముగ్గురం ఎత్తలేదు.

సోమవారం ఉదయం ఎనిమిదింటి తిరుగు బండి గంటన్నర లేటన్నారు. పూర్ణ నాతో పాటే ప్లాట్‌ఫారం మీద కూర్చుంది. టీ తాగాక నేనే అన్నాను, "ఆ రోజు మధ్యలో ఆపాను కదా. మొదట్నుంచి చెప్పు."

"మధ్యలో మాట్లాడకూడదు."

"మాట్లాడను."

చెప్పింది. అన్న చెయ్యి చాపితే సుభద్ర అందులో తాళంచెవి బదులు మజ్జిగ గ్లాసు పెట్టింది. బస్సు దాకా వెళ్ళి, కిటికీలోంచి పచ్చడి సీసా అందించి, వచ్చి మగ్గం ముందు కూర్చుంది. సరే, అయిపోయిందనుకున్నాను. అవలేదు. ఆదివారాలు అందరూ "తర్వాత?" అని అడుగుతూంటే ఇది చెబుతూనే ఉందట. ఇద్దరు ఆడపిల్లలు మగ్గం నేర్చుకోడానికి వచ్చారు. వానాకాలం షెడ్డు కప్పు కారింది. ఒకరోజు అన్న భార్య ఎవరికీ చెప్పకుండా ఒక్కతే వచ్చి, ఇక్కడ నాకేమైనా పని ఉందా అని అడిగింది. అప్పుడు బండి వచ్చింది.

"ఇచ్చిందా పని?" అన్నాను మెట్టు మీద నిలబడి.

"తెలీదే. వచ్చే ఆదివారం వీళ్ళు ఏమంటారో చూడాలి. నాకైతే ఇవ్వాలనే ఉంది. గౌరప్ప ఒప్పుకోదు, ఆ వదిన మీద ఆవిడకి కోపం."

బండి కదిలాక లెక్క వేసుకున్నాను. పుస్తకం నాది సరైనదే. పేజీలు ఉన్నాయి, రచయిత రాసినవే. అయినా ఇల్లంతా అరిచే నేను తాళంచెవి ఇచ్చేసినందుకు ఏడ్చాను, ఎవరి మాటకీ ఎదురు చెప్పని పూర్ణ ఇవ్వనివ్వలేదు. ఇందులో ఎవరు ఏం చదివినట్టు? మహాసముంద్ దాటేదాకా ఆలోచించినా తేలలేదు, ఇప్పుడు రాస్తూంటే కూడా తేలడం లేదు. రాయపూర్ ఎలా ఉందని అడిగేవాళ్ళకి నేను ఇంతకంటే ఏం చెప్పగలను? గుఢియారీలో ఆదివారం మూడింటికి తెలుగు చదువుతారు. చదివేది పుస్తకమా అని నన్నడక్కండి.

ఖరియార్ రోడ్‌లో ఎక్కిన ఒక నర్సమ్మ, పార్వతీపురం వెళ్తోందట, ఒళ్ళో పుస్తకం చూసి పలకరించింది.

"చదవడం అయిపోయిందాండీ? బాగుందా?"

"బాగుంది."

"చివరికి ఏమవుతుంది? నాకు ముందే తెలిసిపోయినా ఏమనుకోను, చెప్పేయండి."

ఇలాంటి ప్రశ్నకి జవాబు చెప్పడానికి జీవితంలో ఎప్పుడూ క్షణం ఆలస్యం చెయ్యలేదు నేను. అట్ట మీద చెయ్యి పెట్టుకుని, సుభద్ర షెడ్డు దగ్గర వదిన ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉందని గుర్తొచ్చి, "ఇంకా అవలేదండీ" అన్నాను.