ఎనిమిది లేని కంప్యూటర్ గది

ఫిల్మ్ నగర్ పేరెత్తితే చాలు, భూలక్ష్మి మొహం తిప్పుకుంటుంది. తొంభైల నడిమిలో ఆ కొండవాలు మీది ఒక గ్రాఫిక్స్ స్టూడియోలో రెండేళ్ళు ప్రోగ్రాములు రాసింది. కంప్యూటర్లకు దుమ్ము పడదని చెప్పులు బయట విప్పించేవారు. బుర్రలకు పట్టిన దుమ్ము మాత్రం అందరూ లోపలికే మోసుకొచ్చేవారు.

యజమాని బసవపున్నయ్య గుంటూరు వైపు నుంచి వచ్చి సినిమాల్లో పాతుకుపోయిన మనిషి. కంప్యూటర్ ఆన్ చేయడం రాదు గాని, గదిలోకి ఎవరొచ్చినా "మాదంతా పారలల్ ప్రాసెసింగండీ" అనేవాడు. ఆ మాట కూడా భూలక్ష్మి దగ్గర అరువు తెచ్చుకున్నదే. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారాలు కొన్న పాత ఇంగ్లీషు పత్రికల్లో ఆమె దాన్ని చదువుకుంది. ఒక పెద్ద పనిని ముక్కలు చేసి పది మిషన్లకు ఒకేసారి పంచడమే రాబోయే కాలం అని వాటిలో రాశారు. రహమత్ నగర్‌లో మిర్చి బజ్జీల బండి నడిపే ఎల్లమ్మ కూతురికి ఆ రాబోయే కాలం మీద మనసు పడింది.

ఒక బ్యాంకులో కంప్యూటర్ ఉద్యోగం వస్తే వద్దనుకుంది. తెర మీద పేరు వేయిస్తానని బసవపున్నయ్య మాటిచ్చాడు, అందుకు. ఎల్లమ్మ ఆ సంగతి బజ్జీలకు వచ్చిన ప్రతివాడికీ చెప్పింది.

అప్పుడు చేతిలో ఉన్నది ఒక జానపద సినిమా. రెక్కల గుర్రం ఆకాశంలో ఎగరాలి. తెర మీద ఒక్క సెకను గడవాలంటే ఇరవైనాలుగు బొమ్మలు కావాలి, ఒక్కో బొమ్మ గీయడానికి ఒక మిషన్ గంటసేపు మూలిగేది. అందుకని భూలక్ష్మి బొమ్మలను ఎనిమిది మిషన్లకు పంచే ప్రోగ్రాం రాసింది. పంక్తిలో వడ్డించినట్టు ఒకటో బొమ్మ ఒకటో మిషన్‌కు, రెండోది రెండోదానికి, అలా ఎనిమిది దాకా. తొమ్మిదో బొమ్మతో మళ్ళీ ఒకటో మిషన్ దగ్గర మొదలు. ఏ మిషన్‌కా మిషన్ తన నంబరు చూసుకుని తన వాటా గీసుకునేది.

ఇలా నంబర్లకు కట్టేయడం ఆమెకే నచ్చలేదు. ఏ మిషన్ ఖాళీ అయితే అదే వచ్చి తర్వాతి బొమ్మ అడిగి తీసుకునేలా తిరగరాస్తానంది. "జరుగుతోందిగా, గెలకడం దేనికమ్మా?" అన్నాడు బసవపున్నయ్య.

ఆమె బోనాలకు వారం సెలవు పెట్టింది. మొదటి రోజునే ఆస్థాన సిద్ధాంతి వీరరాఘవయ్య స్టూడియోకు దయచేశాడు. అంకెలు చూసి జాతకాలు చెప్పే మనిషి. ఎనిమిది అని చీటీ అంటించిన మిషన్ ముందు ఆగి ముక్కు మూసుకున్నంత పని చేశాడు.

"ఎనిమిదంటే శని అండీ. తొమ్మిది చేయించండి. పైన చీటీ మార్చి ఊరుకుంటే కాదు, లోపల కూడా మార్చాలి. లేకపోతే శని లోపలే కూర్చుంటాడు!"

బసవపున్నయ్య బావమరిది అచ్యుతరామయ్య కీబోర్డు ముందు కూర్చుని లోపలి నంబరు కూడా మార్చేశాడు. చీటీకి పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టారు. భూలక్ష్మికి ఒక్క ముక్క చెప్పినవాడు లేడు.

వారం తర్వాత ఆమె తిరిగొచ్చిన రోజే, తయారైన బొమ్మలను ఫిల్ముకెక్కించి ప్రివ్యూ థియేటర్లో వేసి చూశారు. గుర్రం ఎగరలేదు, ఎక్కిళ్ళు పెట్టింది. రెక్క ఎత్తబోయి టక్కుమని గెంతుతోంది. నిర్మాత మొహం మాడిపోయింది.

"ప్రోగ్రాం ఆ అమ్మాయిదండీ," అన్నాడు బసవపున్నయ్య తడుముకోకుండా. "రహమత్ నగర్ సరుకు మరి, ఇంతకన్నా ఏం వస్తుంది!"

భూలక్ష్మికి ఒళ్ళంతా జెర్రులు పాకినట్టయింది. నేరుగా కంప్యూటర్ల గదికి వెళ్ళి బొమ్మలన్నీ వరసన తీసి చూసింది. ప్రతి ఎనిమిదో బొమ్మా లేదు. లేనివాటిని వదిలేసి ఉన్నవాటినే ఫిల్ముకెక్కించారన్నమాట. తలెత్తితే కుంకుమబొట్టుతో తొమ్మిది కనిపించింది. ప్రోగ్రాం లెక్కలో ఎనిమిది దాటితే మళ్ళీ ఒకటే. అందుకే తొమ్మిది నంబరు తగిలించుకున్న మిషన్ ఇన్నాళ్ళూ ఒకటో మిషన్ గీసిన బొమ్మలనే మళ్ళీ గీస్తూ కూర్చుంది. ఎనిమిదోదాని వాటా ముట్టుకున్న మిషన్ లేదు.

"నంబరు ఎవరు మార్చిండ్రు సార్? గిట్ల మారిస్తే గుర్రం ఎట్ల ఎగురుతది? మళ్ల ఎనిమిది పెట్టుండ్రి," అంది వెనకే వచ్చిన బసవపున్నయ్యతో.

"ఆ అంకె ఈ గదిలో పలక్కు!" చెవులు మూసుకున్నాడు బసవపున్నయ్య. "రిలీజు ముందు శనిని పిలుస్తావా?"

వీళ్ళా కాలానికి ముందు నడిచేవాళ్ళు! వాదించడం దండగ అనిపించింది. ఎప్పటినుంచో రాయాలనుకున్న ప్రోగ్రామే అప్పుడు కూర్చుని రాసింది. నంబర్లతో పనే లేదు, ఖాళీ ఉన్న మిషన్ తర్వాతి బొమ్మ అందుకుంటుంది. దాంతో తప్పిపోయిన బొమ్మలన్నీ గీయించింది. ఈసారి గుర్రం నిజంగానే ఎగిరింది. నిర్మాత బసవపున్నయ్యను కౌగిలించుకున్నాడు, ఈయనగారు పత్రికలవాళ్ళకు ఫొటోలు దిగాడు.

సినిమా విడుదలైన రోజు ఎల్లమ్మ బండి మూసేసి, పెట్టెలోని చీర కట్టుకుని కూతురితో మ్యాట్నీకి వచ్చింది. ఆమెకు చదవడం రాదు. పేర్లు పడుతున్నంతసేపూ కూతురి చెయ్యి గుంజుతూనే ఉంది.

"ఏది బిడ్డా, గిదా నీ పేరు?"

గ్రాఫిక్స్ చేసినవాళ్ళ పేర్ల కార్డు తెర మీదికి వచ్చింది, పోయింది. మొదట బసవపున్నయ్య, రెండోది అచ్యుతరామయ్య. భూలక్ష్మి లేదు.

"రాలేదమ్మా."

ఎల్లమ్మ కూతురి చెయ్యి వదిలేసింది. గుర్రం ఎగిరి హాలంతా ఈలలు వేసినప్పుడు కూడా తల వంచుకునే ఉంది.

మర్నాడు భూలక్ష్మి స్టూడియోకు వెళ్ళి నిలదీసింది. బసవపున్నయ్య నీళ్ళు నమలలేదు సరికదా, నవ్వాడు.

"ఏం చేయమంటావమ్మా? లెక్కేస్తే కార్డు మీద ఎనిమిది పేర్లు తేలాయి. సిద్ధాంతిగారు ఒకటి తీసేయమన్నారు. నీది ఆఖర్న ఉంది."

ఆ మాటకు ఆమెకు కోపం కూడా రాలేదు, వట్టి అసహ్యం వేసింది. చెప్పులు తొడుక్కుని కొండ దిగింది. తర్వాత ఇంకో బ్యాంకులో కంప్యూటర్ పని దొరికింది.

మరుసటి ఏడాది బసవపున్నయ్య కారు రహమత్ నగర్ సందులో పట్టక, మలుపులో బజ్జీల బండి దగ్గరే ఆగింది. తల్లి పక్కన భూలక్ష్మి బజ్జీలు పొట్లం కడుతోంది. ఇంకో సినిమా ఒప్పుకున్నాడట, ఇంకొన్ని మిషన్లు కొన్నాడట, పంచే ప్రోగ్రాం కొత్తవాటి మీద నడవడం లేదట. ఎల్లమ్మ నూనె మూకుడు మీంచి తలెత్తలేదు.

"ఈసారి నీ పేరు మొదట వేయిస్తానమ్మా," అన్నాడు కారు దిగకుండానే.

"కంప్యూటర్ లోపల ఒక్క అక్షరం నిలవాలంటే ఒకటో సున్నో పట్టే గళ్ళు ఎనిమిది కావాలె సార్," అంది భూలక్ష్మి. "మీరు కొన్న డబ్బాలన్నిట్ల గట్లనే ఉంటది. ముందుగాల మీ సిద్ధాంతిని పిలిపించి గవన్నీ తీపియ్యుండ్రి. గప్పుడు నేనొస్త."