పప్పు ఉడికే నీళ్ళు

చిన్నప్పటి నుంచీ నాకు ఒక జబ్బుంది. ఏది కనబడినా అది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసేదాకా ఊరుకోలేను. మా నాయిన కిరాణా కొట్టుకు బెల్లం దిగితే అది ఏ ఊరి చెరుకో అడిగేదాన్ని. ఉప్పు మూట దిగితే ఏ సముద్రమో అడిగేదాన్ని. "దీన్ని పోలీసుల నౌకరీకి వెట్టాలె" అనేవాడు నాయిన. తీరా నేను చేరింది పోలీసుల్లో కాదు, నల్గొండలో డిగ్రీ కాలేజీలో, కెమిస్ట్రీలో.

ఆఖరి ఏడాది దసరా సెలవుల్లో, ఒక శని ఆదివారాలు అడవిలోని మల్లెల తీర్థం జలపాతం చూసి రావాలని బుద్ధి పుట్టింది. అందుకు రెండు కారణాలు. మాది మర్రిగూడ దిక్కు పల్లె. మా దగ్గర నీళ్ళంటే భూమిలోంచి పైకి లాగేవే గానీ పైనుంచి కిందికి దూకేవి కావు. దూకే నీళ్ళు ఎలా ఉంటాయో చూడాలి. రెండోది సరిహద్దు. రాష్ట్రం వచ్చినప్పుడు నేను బడిలో ఉన్నాను. మా సారు గోడ మీది పటంలో కృష్ణ వెంబడి ఎర్ర పెన్నుతో గీత గీసి, ఇక నుంచి ఇదే హద్దు అన్నాడు. దగ్గరికి పోతే ఆ గీత ఎలా కనబడుతుందా అని అప్పటి నుంచీ నాకు కుతూహలం. మల్లెల తీర్థం నీళ్ళు పోయి ఆ కృష్ణలోనే కలుస్తాయని విన్నాను.

వస్తామన్న హాస్టల్ దోస్తులు ఒక్కొక్కరే జారుకున్నారు. నాయిన వద్దన్నాడు. "ఒక్కదానివి అడివిల ఏం జేస్తవు బిడ్డా?"

మంచం మీద కూర్చుని కంది బేడలు ఏరుతున్న మా అవ్వ తల ఎత్తకుండానే, "నేను వోత దాని ఎంబడి" అంది.

మా అవ్వ అంటే నాయిన తల్లి. ఆమె గురించి చెప్పాలంటే పప్పు గురించి చెప్పాలి. ఆమె పుట్టింది కొల్లాపూర్ దిక్కు, కృష్ణ ఒడ్డున. అక్కడి నీళ్ళలో పప్పు వేస్తే ఇట్టే ఉడికిపోయేదట. మా ఊరికి కోడలై వచ్చిన మొదటి వారం ఊరబాయి నీళ్ళతో పప్పు పెడితే, ఎంత కట్టె కాలినా బేడ బేడలాగే ఉందట. అత్త నలుగురిలో తిట్టింది. మర్నాటి నుంచి అవ్వ ఊరి బయట గుట్ట కింది బోరింగుకు నడవడం మొదలుపెట్టింది. ఆ నీళ్ళలో పప్పు మెత్తగా, వెన్నలా ఉడికేది. తోటి కోడళ్ళంతా పక్కనున్న ఊరబాయిలో చేదుకుంటే, ఈమె మాత్రం బిందె మీద బిందె పెట్టుకుని, పిల్లవాడు పుట్టాక వాణ్ణీ చంకలో వేసుకుని అంత దూరం పోయేది. ఆ పిల్లవాడే మా నాయిన.

అప్పటి నుంచీ అవ్వకు నీళ్ళ మంచీ చెడూ తేల్చేది పప్పే. చుట్టాల ఇంటికి పోతే మనుషుల బాగోగుల కంటే ముందు "మీ నీళ్ళల్ల పప్పు ఉడుకుతదా?" అని అడుగుతుంది. నమ్మకం కుదరకపోతే కొంగున కట్టుకుపోయిన బేడలు తీసి తానే పొయ్యి మీద పెడుతుంది. మా మేనత్తకు వచ్చిన ఒక మంచి సంబంధం, పిల్లగాడి ఊళ్ళో పప్పు ఉడకలేదనే తప్పిపోయింది. మేనత్త ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది. ఇంటింటికీ కృష్ణ నీళ్ళ నల్లా వచ్చిన రోజున కూడా అందరూ టెంకాయ కొడితే అవ్వ పప్పు పెట్టింది.

ఇక నాయిన సంగతి. ఆయన మెడ తిరగదు. ఎవరైనా పిలిస్తే ఒళ్ళంతా తిప్పి చూస్తాడు. మోకాళ్ళు వంగవు, అందుకని కొట్లో ఎత్తు స్టూలు మీద కూర్చుంటాడు. మా దిక్కున ఇది కొత్త విషయం కాదు. నీళ్ళలో ఫ్లోరైడు. నా పళ్ళ మీద కూడా గోధుమ రంగు చారలున్నాయి. మా ఊరి పిల్లలం ఫొటో దిగమంటే పెదాలు బిగిస్తాం. సర్కారువాళ్ళు ఎప్పుడో వచ్చి ఊరబాయికీ బోరింగుకూ కలిపి ఎర్ర రంగు కొట్టిపోయారు. అంటే అన్ని నీళ్ళూ చెడ్డవే. కానీ అవ్వను తొలిచేది వేరే ప్రశ్న. ఊరబాయి నీళ్ళు తాగినవాళ్ళు ఏదో ఒకలా నడుస్తున్నారు. మంచి నీళ్ళని అంత దూరం పోయి తెచ్చి పోస్తే, తన కొడుకు బొక్కలే ఎందుకు ఇంతగా బిగుసుకుపోయాయి? దిష్టి అనుకుంది, పాపం అనుకుంది, చిన్నప్పుడు అరుగు మీది నుంచి పడ్డాడు అదే అనుకుంది. ఏదీ ఆమెకు సరిపోలేదు.

జవాబు నాకు తెలుసు. కాలేజీ ల్యాబులో మా సారు ఎవరి ఊరి నీళ్ళు వాళ్ళు తెచ్చి పరీక్ష చేయమన్నప్పుడు తెలిసింది. నేను ఒక సీసాలో ఊరబాయివి, ఒక సీసాలో బోరింగువి తీసుకుపోయాను. ఊరబాయివి సున్నం ఎక్కువున్న గట్టి నీళ్ళు, పప్పు ఉడకనిచ్చేవి కావు. బోరింగువి మెత్తటి నీళ్ళు. ఫ్లోరైడు మాత్రం బోరింగు నీళ్ళలోనే బాగా ఎక్కువ. సున్నం ఉంటే ఫ్లోరైడును కొంత పట్టేస్తుందని, సున్నం లేని చోట అది నీళ్ళలోనే ఉండిపోతుందని సారు చెప్పుకుపోతున్నాడు. పప్పు ఉడికించిన నీళ్ళే నాయినను బిగించాయి. ఆ వారం ఇంటికొస్తే అవ్వ ఆత్రంగా, "ఏ నీళ్ళు మంచియని తేలినయి?" అని అడిగింది. "రెండూ మంచియి కావే" అన్నాను. ఆమె నా మొహం పరీక్షగా చూసింది. ఆ తర్వాత మళ్ళీ అడగలేదు. ఆ ముసలి గుండెకు ఇప్పుడు ఈ సంగతి చెప్పి ఎవరిని బాగుచేయాలి అని నేనూ నోరు మూసుకున్నాను.

శనివారం దేవరకొండ, డిండి మీదుగా బస్సులు మారి అచ్చంపేట చేరాం. అక్కడ అవ్వ చెల్లెలి ఇల్లు. ఆదివారం పొద్దున్నే చిన్నవ్వ కొడుకు, నాకు కాక వరస, తన ఆటోలో బయల్దేరదీశాడు. మన్ననూరు దాటేచోట అడవి గేటు దగ్గర కావలివాడు మా సంచులు చూశాడు. అవ్వ మూటలో చిన్న గిన్నె, కంది బేడలు, అగ్గిపెట్టె దొరికాయి.

"అగ్గిపెట్టె ఎందుకమ్మా?"

"పప్పు ఉడకవెట్టెతందుకు."

"పులులు తిరిగే అడివిల పప్పు వండుతవా?"

"అదొస్తే దానికింత వెడ్త తీ."

కావలివాడు నవ్వాడు గానీ అగ్గిపెట్టె మాత్రం ఇవ్వలేదు. అడవిలో నిప్పు రాజేయకూడదు. ప్లాస్టిక్ సీసా కూడా కూడదన్నాడు. నా స్టీలు సీసా ఒక్కటే మిగిలింది. వచ్చేటప్పుడు తీసుకోమని అగ్గిపెట్టెను కిటికీలో పెట్టాడు. అవ్వ మొహం మాడ్చుకుంది. అప్పటిదాకా ఆమె నాకు తోడు వస్తోందనే అనుకున్నాను. ఆ నీళ్ళను పరీక్షించడానికి వస్తోందని అప్పుడు తెలిసింది.

వటవర్లపల్లి దగ్గర తారు రోడ్డు వదిలాక అంతా మట్టి బాట. వెదురు పొదలు ఆటోను రెండు పక్కలా గీరాయి. తర్వాత మెట్లు. దిగుతుంటే చప్పుడు ముందు వచ్చింది, తడి గాలి తర్వాత వచ్చింది, నీళ్ళు అన్నిటికంటే చివర కనబడ్డాయి. నేను ఏదో ఒక్క పెద్ద ధార అనుకున్నాను. అక్కడ రాతి గోడ నిండా నీళ్ళు పోగులు పోగులుగా దిగుతున్నాయి. కొన్ని చోట్ల రాయి పొరల నడుమ నుంచే ఊరుతున్నాయి. ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూద్దామని నేను రాయికి ముక్కు ఆనించినంత దగ్గరికి పోయాను. వాన నీళ్ళను పైన గుట్ట తాగి, ఇక్కడ విడుస్తోంది. నాకు పట్టరాని సంతోషం కలిగింది.

అవ్వ మాత్రం కదలకుండా నిలబడి చూస్తోంది. చాలాసేపటికి, "ఎవ్వలూ చేదకుంటనే వస్తున్నయి గదనే" అంది. చీర కుచ్చిళ్ళు ఎగదోపి మోకాళ్ళ లోతుకు దిగి, దోసిలి పట్టి తాగింది. ఆ మొహంలో అంత వెలుగు నేను ఎన్నడూ చూడలేదు.

"కాకా, సరిహద్దు ఎక్కడున్నది?" అని అడిగాను.

"గీ వాగు వోయి కృష్ణల కలుస్తది. కృష్ణ నడుమకెల్లి గవుతల ఆంధ్ర, గివుతల మనది" అన్నాడు కాక.

"నడుమ అంటే ఎట్ల తెలుస్తది? గుర్తు ఏమన్న వెట్టిన్రా?"

"నీళ్ళల్ల ఏం గుర్తు వెడ్తరు పోరీ" అని నవ్వాడు.

అవ్వ కల్పించుకుంది. "మా మేనత్తను గవుతలి ఊరికే ఇచ్చిన్రు. మేమంత పుట్టిల వోయి పెండ్లి జేసొచ్చినం. నడుమల పుట్టి గిర్రగిర్ర తిరుగుతుండె. గదే హద్దు గావచ్చు."

ఎర్ర పెన్ను గీత కోసం ఇంత దూరం వచ్చిన నాకు గిర్రున తిరిగే పుట్టి, ఆ గుండ్రటి బుట్ట పడవ, దొరికింది. నాకు అదే నచ్చింది.

స్టీలు సీసా నింపుకుని, వచ్చిన దారినే మన్ననూరు చేరాం. గేటు దగ్గర అవ్వ అగ్గిపెట్టె మర్చిపోకుండా అడిగి తీసుకుంది గానీ దాని అవసరం పడలేదు. రోడ్డు పక్క చాయ్ హోటల్ నడిపే ఆమెను బతిమాలి, పొయ్యి మీద కాస్త జాగా అడిగింది. సీసాలో సగం నీళ్ళు గిన్నెలో పోసి బేడలు వేసింది. కాక ఆటోలో కునుకు తీశాడు. మేమిద్దరం పొయ్యి పక్కన బల్ల మీద కూర్చున్నాం. నా చాయ్ అయిపోకముందే పప్పు విచ్చుకుంది. అవ్వ ఒక బేడ తీసి వేళ్ళ నడుమ నలిపింది. అది పిండిలా అయింది.

"మంచి నీళ్ళు" అన్నాను, ఆమె సంతోషిస్తుందని.

అవ్వ నలిపిన వేళ్ళనే చూస్తూ, "బోరింగు నీళ్ళల్ల గూడ గిట్లనే ఉడికేది" అంది.

నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను.

"నువ్వు సీసాలు వట్టుకపోయి వచ్చినంక మీ నాయిన దిక్కు చూసే చూపు మారింది. నా దిక్కు అయితే చూసుడే బంద్ జేసినవు. నాకు ఎర్క గాదనుకున్నవా? చెప్పు బిడ్డా. పప్పు ఉడికినంత మాత్రాన మంచి నీళ్ళు గావు, గంతేనా?"

"గంతే అవ్వా."

"ఊరబాయి నీళ్ళు వోసి సాదితే?"

ఏది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకోవడమే తప్ప, తెలిసింది చెప్పడం ఎంత కష్టమో నాకు అప్పటిదాకా తెలియదు. ఆమె నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. అబద్ధం ఆడలేకపోయాను. "గీ నొప్పి జర తక్కువ ఉండునేమో" అన్నాను.

ఆమె తల ఊపింది. ఏడవలేదు. గిన్నె దించి, హోటలామె దగ్గర ఉప్పు అడిగి కలిపి, నా ముందు పెట్టింది. "తిను. సల్లారితే బాగుండదు" అంది. నేను తిన్నాను. ఆమె ముట్టలేదు. తిరుగు ప్రయాణంలో, బస్సుల్లో కూడా, సీసా ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది. నాకు ఆమె మీద జాలి వేసింది, నా చదువు మీద కోపం వచ్చింది.

ఇంటికి చేరేసరికి నాయిన కొట్లోనే ఉన్నాడు. కాళ్ళు కడుక్కోకుండానే అవ్వ పోయి ఆయన స్టూలు ముందు నిలబడింది. ఒక్క మాట దాచకుండా చెప్పింది. దిష్టి కాదు, పాపం కాదు, తాను ఏరి కోరి తెచ్చిన నీళ్ళేనని చెప్పింది. "నీ కాళ్ళు నేనే తీసిన కొడుకా" అంది.

నాయిన ఒళ్ళంతా మెల్లగా ఆమె వైపు తిప్పాడు. నాకు భయం వేసింది.

"గా బోరింగు కాడికి నన్ను సంకల ఏస్కొని వోయేదానివి," అన్నాడు. "ఎండకు కాళ్ళు కాలుతుంటే ఉరికేదానివి. ఊరంత గట్టి పప్పు తింటుంటే మనింట్ల మెత్తటి పప్పు తింటుంటిమి. నాకు గదే యాదికున్నదమ్మా. ఇంకేం యాదికి లేదు."

తర్వాత ఆమె చేతిలోని సీసా చూసి, "గా జలపాతం నీళ్ళేనా? నాకూ ఇన్ని పొయ్యి" అన్నాడు.

నాయిన తల వెనక్కి వంచి తాగలేడు. అవ్వ నీళ్ళు సీసా మూతలో పోసి, చంటివాడికి తాపినట్టు ఆయన పెదాలకు ఆనించి పట్టింది. ఆయన గుటక వేసి, మళ్ళీ పోయమన్నట్టు చూసి, "మంచిగున్నయి" అన్నాడు.

"గప్పుడు గూడ గిట్లనే అన్నవు కొడుకా" అంది అవ్వ. మూతలోని నీళ్ళు ఆయన చొక్కా మీద ఒలికాయి. అప్పుడు ఏడ్చింది.