మెలెసియో రుచి చూసిన బాచోయ్

లా పాజ్ సంతలో కొన్సోర్సియా పొయ్యి మీద ఎముకల సూపు మరుగుతుంటే ఆ వాసన జీప్నీ బళ్లు ఆగే చోటు దాకా పోయేది. నూడుల్స్ మీద ఆ సూపు పోసిచ్చే ఆమె చేతి బాచోయ్ కోసం ఇలోయిలో నగరం నలుమూలల నుంచీ వచ్చేవారు. ఆమెకు మాత్రం ఆ వాసన తెలియదు. ఎప్పుడో వచ్చిన మొండి జ్వరం పోతూపోతూ ఆమె రుచినీ, వాసననూ పట్టుకుపోయింది.

ఆ సంగతి ఆమె భర్త మెలెసియోకి ఒక్కడికే చెప్పుకుంది. పొద్దున్నే మొదటి గరిటె తాగి, "ఉప్పు చిటికెడు వెయ్యి. రొయ్యల ముద్ద ఇంకాస్త పడాలి" అనేవాడు. వండే మనిషికి రుచే తెలియదంటే ఎవరు తింటారని ఇద్దరికీ భయం.

క్రిస్మస్‌కు ముందు మెలెసియో కాలేయం చెడి చనిపోయాడు. జనవరిలో దినాగ్యాంగ్ పండుగ వచ్చింది. ఒంటికి మసి పూసుకుని చిందులేసేవాళ్లు "హలా బిరా!" అని అరుస్తూ వీధులు నింపేశారు. ఆట ముగిశాక డప్పుల జట్టు ఏటా ఆమె దగ్గరే తినేది. కాదనలేక పొయ్యి రాజేసింది. చేతి అలవాటును నమ్ముకుని ఉప్పు వేసింది. వేశానో లేదోనని మళ్లీ వేసింది.

క్రిస్పులో అనే జట్టు పెద్ద మొదటి గుటకకే ఆగిపోయాడు.

"ఎలా ఉందిరా?"

"బావుందక్కా" అన్నాడు తలెత్తకుండా.

ఇంకాస్త సూపు పొయ్యమని గోల చేసే జట్టు ఆ రోజు నూడుల్స్ ఏరుకు తిని, ఆమె చెయ్యి నొక్కి వెళ్లిపోయింది.

పక్క అంగడి అర్సేనియా వచ్చి ఒక చెంచా నోట పెట్టుకుంది. "సముద్రం నీళ్లు కాచి పోశావేంటొదినా!"

"నాకు తెలీదు అర్సేనియా. నాకు రుచి పోయి చాలా ఏళ్లయింది."

"తెలుసు. మీ ఆయనే చెప్పాడు. మందులు మింగీ మింగీ ఆయన నోరూ పాడైంది. ఏం తిన్నా ఇనుము నాకినట్టుందనేవాడు. పోయినేడాదంతా గ్లాసులో నీ సూపు పోసుకుని నా దగ్గరికే వచ్చాడు. 'చూసి చెప్పు చెల్లెమ్మా, మా ఆవిడకి చెప్పకు, బెంగపెట్టుకుంటుంది' అనేవాడు. నా మాటే నీకొచ్చి చెప్పేవాడు."

మెలెసియో గ్లాసు పట్టుకుని బయటికి వెళ్తుంటే, "కూర్చుని తాగలేవా, ఆ తిరుగుడేంటి?" అని తను విసుక్కున్న పొద్దులు గుర్తొచ్చాయి కొన్సోర్సియాకు. గరిటె వదిలేసి ఏడ్చింది.

మర్నాటి నుంచి అర్సేనియా రుచి చూసిపెట్టింది. "ఇంకొంచెం" అనేది, "చాలు" అనేది. సూపు కుదిరింది, జనమూ వచ్చారు. కొన్సోర్సియాకే మనసు నిలవలేదు. మెలెసియో అయితే ఈ రోజు మూలుగ ఎంత బాగా కరిగిందో, వేయించిన వెల్లుల్లి ఎంత కమ్మగా ఉందో ఆమెకు తెలిసేదాకా చెప్పేవాడు. తన నోరు చెడిన ఏడాది కూడా ఒక్క పూట మానలేదు.

ఈస్టర్ రాకముందే కొన్సోర్సియా తన అంగడి అర్సేనియాకు అప్పగించింది. ఇప్పుడు అక్కడే వెనక వైపు కూర్చుని వెల్లుల్లి ఒలుస్తుంది. ఎవరైనా సూపు గిన్నె తెచ్చిస్తే, "ఆకలి లేదమ్మా" అంటుంది.