ఆ చెట్లు ముంచింది అంకులే

మంగళవారం పొద్దున ఆఫీసులో లిఫ్ట్ దిగుతుండగా ఎదురింటి ఆంటీ ఫోన్ చేశారు. "అంకుల్ పోయారమ్మా. నిద్రలోనే," అన్నారు. మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఏడుపు ఆగాక కోపం వచ్చింది. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు కోపాన్ని పక్కన పెట్టాలంటారు. ఏమనుకోకండి, ఈయన గురించి అలా రాయడం నాకు చేతకాదు.

అమెరికాలో కమ్మింగ్ అనే ఊళ్ళో మా ఇంటికి ఎదురిల్లే వాళ్ళది. అంకుల్ ప్రింటింగ్ ప్రెస్‌లో మెషీన్లు బాగుచేసి రిటైరయ్యారు. నా ఉద్యోగం పోయిన ఏడాది, నేను మధ్యాహ్నం దాకా గరాజ్ ముందు ఊరికే కూర్చుని ఉండేదాన్ని. ఒకరోజు రెండు గాలాలు పట్టుకుని రోడ్డు దాటి వచ్చారు. "రెజ్యూమేలు పంపించేశావుగా. వాళ్ళు పిలిచేలోగా నాతో రా. అక్కడా ఎవరూ పలకరు, కానీ గాలి బాగుంటుంది," అన్నారు.

మా ఇంటికి పది నిమిషాల దూరంలో ఒక చిన్న సరస్సు ఉంది. అందులో బాస్ అనే చేప ఉంటుంది. ఆకుపచ్చ ఒళ్ళు, పిడికిలి పట్టేంత నోరు. ఎక్కువమంది దాన్ని తినరు; పట్టి, కొలిచి, ఫోటో తీసుకుని వదిలేస్తారు. శనివారం వస్తే ఒడ్డున నిలబడడానికి చోటు దొరకదు. ఒక్కో చేప ఎన్నిసార్లు పట్టుబడి ఉంటుందో, పెదవుల చుట్టూ పాత గాట్లే. మెరిసే ఎర కనబడగానే తప్పుకుంటుంది. "దీనికి మనకన్నా అనుభవం ఎక్కువమ్మా," అనేవారు అంకుల్. అందుకే సన్నని దారం, చిటికెన వేలంత రబ్బరు వానపాము, అంతే వాడేవారు. విసిరాక కదపనిచ్చేవారు కాదు. నా చెయ్యి ఊరుకోకపోతే, "నీ తొందర దారం గుండా దానికి తెలిసిపోతుంది," అని గాలం లాక్కునేవారు. ఆగడం నాకు నేర్పింది ఆయనే. ఆ తర్వాత ఇంటర్వ్యూల్లో కూడా అది పనికొచ్చింది. పట్టిన చేపను తడిచేతుల్లో పట్టుకుని, గాలపు ముల్లు తీసి, అది తోక ఆడించేదాకా నీళ్ళలోనే ఉంచి, "వెళ్ళు తల్లీ," అని వదిలేవారు.

జనవరిలో మా కాలనీలో, పండగకి ఇళ్ళలో పెట్టుకున్న నిజం క్రిస్మస్ చెట్లన్నీ రోడ్డు పక్కన పారేస్తారు. అంకుల్ వాటిని ట్రక్కులో వేసుకుని, పార్క్ ఆఫీసులో పర్మిషన్ తీసుకుని, సిమెంట్ ఇటుకలు కట్టి, సరస్సులో ఎవరూ వెళ్ళని ఒక వంపులో ముంచేవారు. నేను ఆయనతో చేరేసరికే పదకొండేళ్ళుగా ఆ పని చేస్తున్నారు. మునిగిన కొమ్మల్లో చిన్నచేపలు దాక్కుంటాయి, వాటి కోసం పెద్దవి వస్తాయి. అక్కడ నెలకొక్కసారి మించి గాలం వేసేవారు కాదు. "అది వాటి ఇల్లు. మనం చుట్టాలం. రోజూ వచ్చే చుట్టాన్ని ఎవరు రానిస్తారు?"

ఆ చోటికి ఆయన నన్ను కాక మరొక్కడినే తీసుకెళ్ళారు. నా వయసువాడే, మనవాడే, ఫిషింగ్ వీడియోల చానల్ నడిపేవాడు. అంకుల్, అంకుల్ అంటూ ఆంటీ వండిన గుత్తొంకాయ కూర తిన్నాడు. ఆ చోటు ఎవరికీ చూపించనని మాటిచ్చాడు. మూడు వారాలకు వీడియో పెట్టాడు, 'నా సీక్రెట్ స్పాట్' అని, మ్యాప్‌తో సహా. ఆ చెట్లన్నీ తానే ముంచాడట. చివర్లో ఒడ్డున టోపీ సర్దుకుంటున్న అంకుల్ వీపు కనిపిస్తుంది. కింద 'పాపం ఓల్డ్ స్కూల్ తాత' అని రాసి, నవ్వే బొమ్మలు పెట్టాడు.

ఆ వారమే వంపులో పడవలు ఒకదానికొకటి రాసుకున్నాయి. అంకుల్ ఫోన్ చేస్తే, "పబ్లిక్ లేక్ కదా అంకుల్, చిల్!" అన్నాడట. నెల తిరక్కుండా, అంకుల్ ఎన్నోసార్లు పట్టి వదిలిన పెద్ద బాస్ ఒకటి చచ్చి తేలింది. దవడ మీద నల్లమచ్చ ఉండేది దానికి. ముల్లు గొంతులోనే ఉంది. తీయడం చేతకాక ఎవరో దారం తెంపి వదిలేశారు. అంకుల్ దాన్ని ఒడ్డుకు లాగి, చాలాసేపు చూసి, "ఆ వీడియో వాణ్ణి వదలను," అన్నారు. ఆయన నోట అలాంటి మాట అంతకుముందు వినలేదు. నాకు సంతోషమేసింది.

ఏటా అక్టోబర్‌లో చుట్టుపక్కల తెలుగువాళ్ళం అదే సరస్సు మీద పోటీ పెట్టుకుంటాం. మూడు చేపల పొడవు కలిపి ఎవరిది ఎక్కువైతే వాళ్ళు గెలిచినట్టు. అప్పటికే అంకుల్ గుండె బలహీనపడింది. అయినా పోటీకి ముందు నెలరోజుల పాటు సాయంత్రాలు నన్ను తీసుకెళ్ళారు, గాలాలు లేకుండా. ఒట్టి చూడడమే పని. "అందరూ ఆ చెట్ల మీదే పడ్డారు. చేప పిచ్చిది కాదమ్మా. ఎటు పోయిందో చూడు," అనేవారు. కనిపెట్టింది ఆయనే. పడవలు దించే సిమెంట్ వాలు అంచున ఉన్నాయి అవి. అక్కడ అందరూ మోటార్లు స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోతారు. గాలం వేసేవాడు ఒక్కడూ ఉండడు.

పోటీ రోజు చానల్ వాడు కెమెరాలు తగిలించుకుని, నీళ్ళ కింద చేపల్ని చూపించే స్క్రీన్ ఉన్న పడవలో చెట్ల వైపు దూసుకెళ్ళాడు. మేం ఆ వాలు పక్కనే మడతకుర్చీలు వేసుకున్నాం. "అంకుల్, అక్కడ పెట్రోల్ తప్ప ఏం పడదు!" అని నవ్వుతూ పోయాడు. మధ్యాహ్నానికి మాకు మూడు మంచి చేపలు పడ్డాయి. వాడి స్క్రీన్ నిండా చిన్నచేపలేనట, ఒక్కటీ నోరు తెరవలేదు.

కప్పు ఇవ్వబోతే అంకుల్ చెయ్యి చాపలేదు. వాడి వైపు తిరిగి, అందరి ముందూ మెల్లగా అడిగారు.

"ఆ చెట్లు ముంచిందెవరు బాబూ?"

వాడు నవ్వాడు. అంకుల్ నవ్వలేదు. మళ్ళీ అదే అడిగారు.

"మీరే అంకుల్."

"గట్టిగా చెప్పు. వెనకాల వాళ్ళకి వినబళ్ళేదు."

"మీరే!"

ఇంటికి వస్తూ, "కోపం చల్లారిందా అంకుల్?" అని అడిగాను. "లేదు. కానీ హాయిగా ఉంది," అన్నారు. దారి పొడుగునా ఏదో కూనిరాగం తీశారు.

గురువారం అంత్యక్రియలు జరిగే హాలుకి వాడు తెల్ల పూలు పట్టుకుని వచ్చాడు. గుమ్మంలో నేనున్నాను.

"అంకుల్ మీద ఒక ట్రిబ్యూట్ వీడియో చేద్దామనుకుంటున్నానండీ. హి వాజ్ లైక్ ఎ మెంటర్ టు మీ," అన్నాడు.

"ఆ పాత వీడియో ఇంకా ఉందా?"

"ఉందండీ. అంటే, దానికి బాగా వ్యూస్ ఉన్నాయి..."

"ఇప్పుడే డిలీట్ చేయండి. చేసి లోపలికి రండి."

లోపలి నుంచి ఆంటీ చూస్తున్నారు. ఆవిడ మెత్తని మనిషి. పోన్లే, రానివ్వమ్మా అంటారేమోనని భయపడ్డాను. ఆవిడ వాడి ముఖంలోకి ఒకసారి చూసి తల తిప్పుకున్నారు.

"వన్ మినిట్," అని వాడు పూలతోనే తిరిగి కారెక్కాడు. కాసేపటికి సన్నగా జల్లు మొదలైంది. హాలు తలుపు అద్దాల్లోంచి చూస్తూనే ఉన్నాను. చేతిలో ఫోన్ ఉంది, దించిన తల ఎత్తడం లేదు. లోపల మంత్రాలు అయిపోయే వేళకి కారు స్టార్ట్ చేసి వెళ్ళిపోయాడు. ఆ వీడియో ఇంకా ఉంది. ఇవాళ కూడా చూశాను.

వాణ్ణి ఆపినందుకు తృప్తిగా ఉందా అంటే, ఉంది. అంకుల్ లేని దుఃఖం మాత్రం దానివల్ల పిసరంత కూడా తగ్గలేదు. ఆ రోజు వాడు వెళ్ళగానే బయటికొచ్చి చూస్తే, తడిసి నల్లబడిన పార్కింగ్‌లో వాడి కారు నిలిచిన మేర పొడిగా, తెల్లగా, నలుచదరంగా ఉంది. దాని మీద ఒక్కొక్క చినుకే పడుతోంది.