ఎవరివీ కాని నీళ్ల కోసం

మా మేనమామ పోయాడన్న కబురు నాకు ఆయన వియ్యంకుడే చెప్పాడు. కామారెడ్డిలో నా కుట్టు దుకాణం షట్టరు ఎత్తుతుంటే ఫోన్ మోగింది. "మీ మామ పోయిండు బిడ్డా. పొద్దున చాయ్ తాగి పండుకున్నడు, మల్ల లేవలే" అన్నాడు. ఒకప్పుడు వాళ్లిద్దరూ ఒకరి గుమ్మం ఒకరు తొక్కేవాళ్లు కారు. ఎందుకో చెప్పాలంటే సముద్రం దగ్గర మొదలుపెట్టాలి, మా ఎల్లారెడ్డి దిక్కు సముద్రం లేకపోయినా.

మామ అందరిలాగే గల్ఫ్‌కు పోయాడు. చేపలు దాచే చల్లగోదాములో కొన్నాళ్లు మోత పని చేసి, తర్వాత ఒక పెద్ద చేపల ఓడలో వంటమనిషిగా కుదిరాడు. దేశాల హద్దులన్నీ దాటాక ఉండే నడిసముద్రంలో వాళ్ల వేట. సెలవు మీద వచ్చినప్పుడు అన్నం కలుపుతూ చెప్పేవాడు: "ఆడ నీళ్లకు పట్టా లేదు కోడలా. ఎవని జెండ వాడు ఎగిరేస్తడు, ఎవని వల వాడు ఏస్తడు."

ఆ నీళ్లలో ఎవరెంత పట్టాలో తేల్చుకోవడానికి దేశాలు కూర్చునేవి. ఎప్పటినుంచో పడుతున్నాం కాబట్టి మాకే ఎక్కువ కావాలని కొందరు, మేము మొన్నమొన్ననే ఓడలు కొన్నాం, మా వంతు రాకముందే ఆపమంటారా అని కొందరు. ముందు మీరు తగ్గించండి అని అందరూ. ఒకసారి అట్లా మాటలు చెడిపోయాయని విని కెప్టెన్ నవ్వి, వాళ్లు తేల్చుకునేదాకా మనం వల వేద్దాం అన్నాడట. కొన్నేళ్లకు వలలో పిల్లచేపలు తప్ప ఏమీ రాలేదు. ఓడను ఆపేశారు. మామ ఒక సూట్‌కేసుతో ఇంటికొచ్చాడు. "నా కొలువు తీసింది చాపలు గాదు, ఆ దేశాల పంచాది" అనేవాడు.

ఇంటికొచ్చి మహమ్మద్‌నగర్ అవతల ప్రాజెక్టు నీళ్లలో తాతల వృత్తికే దిగాడు. ఆ నీళ్లకు రెండు ఒడ్లు, రెండు చేపల సంఘాలు. నడిమి నీళ్లు ఎవరివీ కావు. అవతలి ఒడ్డు సంఘానికి పెద్ద ఆయన వియ్యంకుడే. మామ బిడ్డనిచ్చింది ఆ ఇంటికే. ఏటేటా చేప చిన్నదవుతుంటే మామకు ఓడ గుర్తొచ్చేది. మృగశిర నాడు చేప తిన్నాక వల ఎండబెట్టాలని, గుడ్లు పెట్టే చేపను కొత్తనీళ్లు నిలిచేదాకా ముట్టొద్దని రెండు ఒడ్ల వాళ్లతోనూ కొట్లాడేవాడు. నెమ్మదిగా మాట్లాడటం ఆయనకు రాదు. మనవడికి పేరు పెట్టిన రోజు బంతిలోనే మొదలుపెట్టాడు.

"మొదలు మీ ఒడ్డోళ్లు ఆపుండ్రి బావా," అన్నాడు వియ్యంకుడు.

"గీ మాట నేను నడిసముద్రంల ఇన్న. అనుకుంట అనుకుంట అంత ఊడ్సుకపోయింది."

"అంటే మేం దొంగలమా?"

వియ్యంకుడు విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. ఆ తర్వాత రెండిళ్ల మధ్య రాకపోకల్లేవు. నడుమ నలిగింది మామ బిడ్డే. పండగకు పుట్టింటికి రావాలన్నా భర్తను అడగడానికి జంకేది.

వానలు పడగానే మామ తన ఒక్కడి వల మడిచి పెట్టాడు. ఇవతలి ఒడ్డువాళ్లే నవ్వారు, నువ్వు ఆపితే అవతలోళ్లకు పండుగే అని. ఆయన భిక్నూర్ దగ్గర హైవే మీది ఢాబాలో వంటకు చేరాడు. మామ ఒక్కడే వల మడిచాడని విని ఒక సాయంత్రం వియ్యంకుడు వచ్చి అక్కడి మంచం మీద కూర్చున్నాడు. నేనూ ఆ రోజు మామను చూడ్డానికి పోయి ఉన్నాను. మామ రొట్టె, పప్పు తెచ్చి పెట్టాడు.

"చాపల కూర లేదా?"

"గీ నెలల్ల నేను వండ. సేటుకు ముందే చెప్పిన."

వియ్యంకుడు రొట్టె తుంచి పప్పులో అద్దుకుంటూ, "మావోళ్లు ఆపుతరు సరే. మీవోళ్లు ఆపుతరని నమ్మకమేంది?" అన్నాడు.

"నమ్మకం లేదు. నాకు గూడ లేదు. అందుకే మీవోడొకడు, మావోడొకడు ఒక్క తెప్పల తిరగాలె. ఎవడు వల ఏసినా ఇద్దరు కలిసి గుంజాలె."

ఆయన ఇంకో రొట్టె అడిగాడు.

అంతటితో అన్నీ చక్కబడ్డాయని చెప్పను. మొదటి వానకాలం చాటుగా వలలు పడ్డాయి, తిట్లూ పడ్డాయి. కానీ కాపలా తెప్ప ఆగలేదు. మెల్లమెల్లగా సంతకు పెద్ద పెద్ద రవ్వ, బొచ్చె చేపలు మళ్లీ రావడం మొదలైంది. మామ బిడ్డ జంకకుండా పుట్టింటికి వచ్చి, ఈసారి మొగుడే ఆ గుమ్మం ఎక్కి పిలిచేదాకా పోలేదు.

మామ గుండె జబ్బుతో కామారెడ్డి ఆసుపత్రిలో ఉన్నప్పుడు, నడిసముద్రాన్ని కాపాడటానికి దేశాలు ఒక ఒప్పందానికి వచ్చాయన్న వార్త ఫోన్‌లో చదివి వినిపించాను. కళ్లు మూసుకునే విన్నాడు.

"చాపల సంగతేమన్నరు?"

"అది వేరేగా మాట్లాడుకుంటారట మామా. ఇంకా తెగలేదు."

"తెగుతది," అన్నాడు. "కూసున్నోళ్లు లేవకుంటే తెగుతది."

ఆ మాట నేను దుకాణంలో చాలామందికి చెప్పాను. అన్నదమ్ముల పొలం గెట్టు తగాదాలకు కూడా పనికొచ్చింది.

మామ దినాలు అయిన మర్నాడు పెద్దవాన కురిసింది. తెల్లారి అందరం వాగు వచ్చి ప్రాజెక్టులో కలిసే చోటికి పోయాం. ఎర్రటి కొత్తనీటికి రవ్వలు ఎదురెక్కుతున్నాయి, నిండు కడుపులతో, వెన్నులు నీటిపైకి తేలేంత తక్కువ లోతులో. వంగితే చేతికి అందేవి. రెండు ఒడ్ల వాళ్లమూ గట్టు మీద నిలబడి చూస్తున్నాం. ఎవరూ నీళ్లలోకి దిగలేదు.