పద్నాలుగు బై మూడు

మా ముత్తాత పరగణా మొత్తానికి భూమి లెక్కలు రాసే దేశ్‌పాండ్యా. తాత పట్వారీ, ఆయన సంతకం లేనిదే మా ఊళ్ళో గజం నేల చేతులు మారేది కాదు. నాన్న ఏ పదవీ లేకుండానే ఆ ఇద్దరి దర్పంతో బతికాడు. నేను మాదాపూర్‌లో ఒక కంపెనీ అడ్మిన్ విభాగంలో పనిచేస్తున్నాను. మెడలో వేసుకోమని ఇచ్చిన కార్డును జేబులో పెట్టుకుంటాను.

మాకు మిగిలింది హఫీజ్‌పేట్ అవతల ఇరవై గుంటలు, అంటే అరెకరం, అందులో ఒక బావి. సర్వే నంబరు 14/3. దాన్ని అమ్మక తప్పని పరిస్థితి వచ్చింది. కొనేవారి వకీలు మూసాపేటలో ఉంటారు. భూమి ఎవరిదో, ఎవరు సాగు చేశారో రాసి ఉండే పాత పహాణీలన్నీ సాయంత్రంలోగా పంపకపోతే తమ వాళ్ళు వేరే స్థలం చూసుకుంటారని ఆయన ఖచ్చితంగా చెప్పారు.

తాత పెట్టెలోని ఊరి కాగితాలన్నిటినీ అంతకుముందే నా మేనకోడలి మాక్ కంప్యూటర్‌లోకి స్కాన్ చేయించాను. ఫైళ్ళ పేర్లు నేనే, తాత రాసినట్టే, సర్వే నంబరు మధ్యలోని గీతతో సహా కొట్టాను. మాక్ ఒక్క మాట అనకుండా తీసుకుంది. మర్యాద తెలిసిన యంత్రం అనుకున్నాను.

వకీలుగారిది విండోస్. అందులో ఫైళ్ళు ఎక్కలేదు.

"పేరుల గీత ఉంటే విండోస్ ఒప్పుకోదు మామా. అది ఫోల్డర్ అనుకుంటది," అంది మేనకోడలు.

"మా తాత గీసిన గీతను కాదనేటందుకు అదెవరు?"

"జర ఆగు. ఫికర్ చెయ్యకు. అన్ని గీతలు ఒక్కసారే లేపేస్త."

ఫైళ్ళకు ఇంకో కాపీ తీసి, నాలుగు లైన్ల ప్రోగ్రామ్ రాసి, గీతలన్నీ తీసేసి పంపింది. గంటలోపే వకీలుగారు ఫోన్ చేశారు.

"ఏవండీ, ఇరవై గుంటలన్నారు. మీరు చెరువు అమ్ముతున్నారేంటండీ?"

గీత పోయేసరికి 14/3 కాస్తా 143 అయింది. 143 మా ఊరి చెరువు శిఖం, అంటే నీళ్ళు నిలిచే నేల. దాని పహాణీ కూడా తాత రాసిందే కనుక అదే పెట్టెలో ఉంది. ఒకే పేరుతో రెండు ఫైళ్ళు వచ్చేసరికి చెరువు వచ్చి మా భూమి మీద కూర్చుంది.

"మామా, మనది మునిగింది!" అని మేనకోడలు పగలబడి నవ్వింది. నేను నవ్వలేదు.

"మాక్‌ల అసలుది భద్రంగనే ఉంది తియ్. ఈసారి అండర్‌స్కోర్ పెడత."

"అదేంది?"

"కింద గీత. అడ్డంగ ఉంటది."

"వద్దు. తాత గీత నిలబడి ఉంటది. పండుకోదు."

"అయ్యో మామా! అయిదయితాంది, వకీల్ సాబ్ లేచి పోతడు!"

"పోనియ్."

అలా అన్నానే గానీ, ఆ బేరం తప్పితే ఇంకొకటి లేదని నాకు తెలుసు. ఆమె నుదురు కొట్టుకుని, "సరే, మరి దాన్ని నోటితోని ఏమంటరు?" అంది.

"బై. పద్నాలుగు బై మూడు."

"అయితే గట్లనే రాస్త."

తెలుగు అక్షరాలతో 14బై3 అని కొట్టింది. విండోస్ కిమ్మనలేదు. పది నిమిషాల్లో వకీలుగారు మళ్ళీ ఫోన్ చేశారు.

"ఆఁ, ఇప్పుడు నేల కనబడిందండీ."

ఆ తర్వాతి సోమవారం రిజిస్ట్రేషన్ జరిగింది. ఆ ఇరవై గుంటలూ, అందులోని బావీ అమ్మేశాం.